యురేనియం వెళ్లిపోయాక మిగిలేది: రేడియోధార్మిక విఘటనం, వికిరణాల తీరు

వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె గనిలో తవ్వితీసే డోలమైటు సున్నపురాయిలో యురేనియం పాలు వెయ్యింట ఒక వంతుకు కూడా చేరదు. 2012లో ఉత్పత్తి మొదలైన అక్కడి యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మిల్లు ఆ కాస్త యురేనియాన్ని అధిక పీడనం కింద సోడియం కార్బొనేటు ద్రావణంలో కరిగించి, సోడియం డైయురనేట్ రూపంలో వేరుచేసి, హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పంపుతుంది. మిగిలిన రాతిపిండి, అంటే తవ్విన దాంట్లో దాదాపు అంతా, వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఈ చెరువు గురించి జరిగే చర్చల్లో రెండు మాటలు తరచుగా వినబడతాయి. యురేనియం అర్ధ జీవితకాలం, అంటే దాని రాశి సగానికి తగ్గేందుకు పట్టే కాలం, 447 కోట్ల సంవత్సరాలు గనుక అంతటి ప్రమాదకర పదార్థం మరొకటి లేదన్నది మొదటిది. యురేనియాన్ని తీసేశాక ఆ పిండిలో భయపడవలసింది ఇక ఏముంటుందన్నది రెండవది. రెండూ తర్కబద్ధంగానే వినిపిస్తాయి గాని, విఘటన ధర్మాల ముందు రెండూ నిలవవు. ఎందుకు నిలవవో తెలియాలంటే కేంద్రకం దగ్గర మొదలుపెట్టాలి.

కేంద్రకంలోని ప్రోటాన్లన్నీ ధనావేశం గలవి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ వికర్షణ కేంద్రకమంతటా వ్యాపిస్తుంది. ప్రోటాన్లనూ న్యూట్రాన్లనూ కలిపి ఉంచే కేంద్రక బలం అంతకన్నా ఎన్నో రెట్లు ప్రబలమైనదే అయినా పక్కపక్కనున్న కణాలను దాటి పనిచేయదు. కేంద్రకం పెరిగేకొద్దీ వికర్షణ పేరుకుపోతుంది, ఆకర్షణ మాత్రం ఇరుగుపొరుగుకే పరిమితమవుతుంది. అందుకే సీసాన్ని దాటిన మూలకాల్లో ఒక్కదానికైనా పూర్తిగా స్థిరమైన ఐసోటోపు లేదు. ఒకే మూలకానికి న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న రూపాలే ఐసోటోపులు. బిస్మత్-209 ఒక్కటి స్థిరమని చాలాకాలం నమ్మారు, కానీ అది కూడా అత్యంత నెమ్మదిగా విఘటన చెందుతుందని 2003లో ఫ్రాన్సులో జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. యురేనియం-238 కేంద్రకంలో 92 ప్రోటాన్లు, 146 న్యూట్రాన్లు ఉంటాయి. ఈ రెంటి మొత్తమైన 238 దాని ద్రవ్యరాశి సంఖ్య, ప్రోటాన్ల లెక్క అయిన 92 పరమాణు సంఖ్య. అంత బరువైన కేంద్రకానికి భారం దించుకునే సులువైన దారి రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు గల ఒక గట్టి ముద్దను బయటకు పంపడం. అదే ఆల్ఫా కణం. అది నిజానికి హీలియం కేంద్రకమేనని భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్, ఆయన సహచరుడు రాయిడ్స్ 1908-09లో ప్రయోగం ద్వారా చూపించారు. ఆల్ఫా వెలువడితే ద్రవ్యరాశి సంఖ్య నాలుగు, పరమాణు సంఖ్య రెండు తగ్గుతాయి. 92వ మూలకం 90వది అవుతుంది, యురేనియం థోరియంగా మారుతుంది.

ఒక మూలకం మరొకటిగా మారుతుందన్న ఈ మాటను రూథర్‌ఫర్డ్, సాడీ 1902లో మాంట్రియల్‌లో ప్రకటించినప్పుడు రసాయన శాస్త్రవేత్తలకు అది మింగుడుపడలేదు. పరమాణువు మార్పులేనిదన్న నమ్మకం మీదే వారి శాస్త్రమంతా నిలబడి ఉంది. అయితే అంతకు ఆరేళ్ల ముందే, 1896లో, ప్యారిస్‌లో హెన్రీ బెక్వెరెల్ యురేనియం లవణం ఎండ తగలకపోయినా, నల్ల కాగితం చుట్టి ఉన్నా ఫొటో పలకను మసకబారుస్తుందని గమనించాడు. ఆ లవణం నుంచి వెలువడేది ఒకే రకం కిరణం కాదని రూథర్‌ఫర్డ్ 1899లో చూపి, సులభంగా ఆగిపోయే దానికి ఆల్ఫా, మరింత లోతుకు చొచ్చుకుపోయే దానికి బీటా అని పేర్లు పెట్టాడు. ఈ రెంటికన్నా లోతుగా దూసుకుపోయే మూడవదాన్ని 1900లో విల్లార్ గుర్తించాడు, దానికి గామా అన్న పేరు తరువాత వచ్చింది. అవి ఏమిటో తెలియకముందు, ఎంత లోతుకు పోతాయన్న ఒక్క లక్షణాన్ని బట్టి పెట్టిన పేర్లివి.

బీటా విఘటనంలో బరువు సమస్య ఉండదు, ప్రోటాన్లకూ న్యూట్రాన్లకూ మధ్య నిష్పత్తి తప్పడమే దానికి కారణం. న్యూట్రాన్లు ఎక్కువైన కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఒక ఎలక్ట్రాన్‌ను విసిరేస్తుంది. ద్రవ్యరాశి సంఖ్య మారదు, పరమాణు సంఖ్య ఒకటి పెరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్ కక్ష్యల్లో తిరిగేది కాదు, ఆ క్షణంలోనే పుట్టినది. ఒకే ఐసోటోపు నుంచి వచ్చే బీటా కణాలు ఒకే శక్తితో కాకుండా సున్నా నుంచి ఒక గరిష్ఠ విలువ దాకా ఎంతైనా శక్తితో రావడం భౌతిక శాస్త్రాన్ని ఏళ్ల తరబడి కలవరపెట్టింది. శక్తి నిత్యత్వ నియమమే తప్పేమోనని కొందరు సందేహించిన రోజుల్లో, 1930లో, మిగతా శక్తిని కంటికి చిక్కని మరో కణం పట్టుకుపోతోందని పౌలీ ఊహించాడు. ఆ న్యూట్రినో ప్రయోగంలో దొరికింది 1956లో. ప్రోటాన్లు ఎక్కువైన కేంద్రకాల్లో ఇదంతా తిరగబడి జరుగుతుంది, అప్పుడు పాజిట్రాన్, అంటే ధనావేశం గల ఎలక్ట్రాన్ లాంటి కణం, వెలువడుతుంది. ఆసుపత్రుల్లో పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 ఆ కోవలోనిదే.

ఆల్ఫానో బీటానో విడిచిన కేంద్రకం చాలాసార్లు ఇంకా కొంత అదనపు శక్తితో మిగిలిపోతుంది. ఆ శక్తిని అది గామా కిరణంగా వదిలించుకుంటుంది. గామాకు ఆవేశం లేదు, ద్రవ్యరాశి లేదు, అది కాంతి జాతికే చెందిన అత్యధిక శక్తి గల కిరణం. అది వెలువడినప్పుడు మూలకం మారదు. కాబట్టి గామాను విడిగా జరిగే విఘటనంగా కాక మిగతా రెంటి వెంట వచ్చే సర్దుబాటుగా చూడడమే మేలు. ఈ తేడా అల్పమైనదిగా కనిపించినా, యురేనియం-238 తానుగా గామాను దాదాపు విడవదన్న సంగతి ముందు ముందు అవసరపడుతుంది.

ఏ కేంద్రకం ఎప్పుడు విఘటన చెందుతుందో చెప్పడం సాధ్యం కాదు. ఉష్ణోగ్రత, పీడనం, రసాయన సంయోగం మామూలు పరిస్థితుల్లో దాన్ని తొందరపెట్టలేవు, ఆపలేవు. అంతకన్నా ముఖ్యమైనది, కేంద్రకానికి వయసు లేదు. వంద కోట్ల సంవత్సరాలుగా అలాగే ఉన్న యురేనియం కేంద్రకానికీ, నిన్న ఏర్పడిన దానికీ రేపు విఘటన చెందే సంభావ్యత సమానం. సంభావ్యత ఇలా స్థిరంగా ఉండడం వల్లనే ఏ ఐసోటోపు రాశి అయినా సగానికి తగ్గేందుకు ఎప్పుడూ ఒకే వ్యవధి పడుతుంది. అదే అర్ధ జీవితకాలం. ఒక వ్యవధికి సగం, రెండింటికి పావు, పదింటికి 1,024వ వంతు మిగులుతుంది. భూమి వయసు దాదాపు 454 కోట్ల సంవత్సరాలు కాబట్టి, భూమితో పాటు వచ్చిన యురేనియం-238లో ఇప్పటికి ఇంచుమించు సగం మిగిలి ఉంది.

వ్యవధి ఎంత ఉండాలో నిర్ణయించేది ఏమిటన్న ప్రశ్నకు 1928లో గామోవ్, విడిగా గర్నీ, కాండన్ జవాబు చెప్పారు. ఆల్ఫా కణానికి కేంద్రకం అంచున ఉన్న శక్తి అవరోధాన్ని ఎక్కి దాటేంత శక్తి ఉండదు. అయితే క్వాంటమ్ నియమాల ప్రకారం ఆ గోడ గుండా బయటపడే చిన్న సంభావ్యత మాత్రం ఉంటుంది, అది శక్తిని బట్టి విపరీతంగా మారిపోతుంది. యురేనియం-238 ఆల్ఫా శక్తి 4.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, పొలోనియం-214ది 7.7. రెట్టింపైనా కాని ఈ తేడా అర్ధ జీవితకాలాన్ని 447 కోట్ల సంవత్సరాల నుంచి సెకనులో ఆరువేలో వంతుకు దించుతుంది. ఆ రెండు కాలాల నిష్పత్తిలో ఒకటి పక్కన దాదాపు 21 సున్నాలు ఉంటాయి.

పైన చెప్పిన మొదటి మాట ఇక్కడే వీగిపోతుంది. అర్ధ జీవితకాలం ఎక్కువంటే విఘటనాలు అరుదుగా జరుగుతాయని అర్థం. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 కేంద్రకాలు విఘటన చెందుతాయి. 1,600 సంవత్సరాల అర్ధ జీవితకాలం గల రేడియం-226 ఒక గ్రాములో ఆ సంఖ్య దాదాపు 3,660 కోట్లు. 138 రోజుల పొలోనియం-210కి అది 166 లక్షల కోట్లు. సెకనుకు ఒక విఘటనాన్ని ఒక బెక్వెరెల్ అంటారు. పాత ప్రమాణమైన క్యూరీ ఒక గ్రాము రేడియం తీవ్రత ఆధారంగా ఏర్పడింది. చిరకాలం నిలిచేది తక్కువ తీవ్రంగానూ, తీవ్రమైనది త్వరగా తగ్గిపోయేదిగానూ ఉంటుంది. ఒకే పదార్థం గురించి రెండు భయాలనూ ఒకేసారి వల్లించడం సరికాదు. యురేనియం విషయంలో చిక్కంతా దాని సంతానంతోనే.

యురేనియం-238 విడిచిన ఆల్ఫాతో థోరియం-234 పుడుతుంది. 24 రోజుల అర్ధ జీవితకాలంతో అది బీటా విడిచి ప్రొటాక్టినియం-234 అవుతుంది, అది నిమిషాల్లోనే మరో బీటాతో యురేనియం-234గా మారుతుంది. ఇది 2.45 లక్షల సంవత్సరాల వ్యవధితో ఆల్ఫా విడిచి థోరియం-230ని ఇస్తుంది. దాని వ్యవధి సుమారు 75,000 సంవత్సరాలు. అక్కడి నుంచి మరో ఆల్ఫాతో రేడియం-226, ఇంకొక ఆల్ఫాతో 3.8 రోజుల రేడాన్-222 వస్తాయి. రేడాన్ తర్వాత పొలోనియం, సీసం, బిస్మత్‌ల అల్పాయుష్షు రూపాలు నిమిషాల్లో గడిచిపోతాయి. 22 సంవత్సరాల సీసం-210 దగ్గర నడక మళ్లీ మందగిస్తుంది. చివరికి పొలోనియం-210 ఆల్ఫా విడిచి స్థిరమైన సీసం-206 అవుతుంది. మొత్తం పద్నాలుగు మెట్లు, వాటిలో ఎనిమిది ఆల్ఫాలు, ఆరు బీటాలు. ఎనిమిది ఆల్ఫాలకు 32 తీసేస్తే 238లో 206 మిగులుతుంది. 92 నుంచి 16 తీసి బీటాల ఆరు కలిపితే 82, అంటే సీసం. లెక్క సరిపోతుంది. ఆంధ్ర తీరంలో భీమునిపట్నం వద్ద, కేరళ తీరంలో ఇసుకలో కలిసి దొరికే మోనజైటు ఖనిజంలోని థోరియం-232కూ ఇలాంటి గొలుసే ఉంది, అది పది మెట్లలో సీసం-208 దగ్గర ఆగుతుంది.

కోట్ల సంవత్సరాలుగా కదలని రాతిలో ఈ మెట్లన్నీ ఒక సమతౌల్యానికి వస్తాయి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారిన నీరే కింది చెరువుకు చేరుతుంది. చెరువు పెద్దదైనా చిన్నదైనా, నిండాక ప్రతి అలుగు మీదా గంటకు పారే నీరు ఒక్కటే, నిల్వల్లోనే తేడా. విఘటన గొలుసులోనూ అంతే. ప్రతి మెట్టు వద్దా సెకనుకు జరిగే విఘటనాల సంఖ్య సమానమవుతుంది, నిల్వ ఉండే పరిమాణం మాత్రం అర్ధ జీవితకాలానికి అనులోమంగా ఉంటుంది. అలా ఒక టన్ను యురేనియం ఉన్న పాత ఖనిజంలో రేడియం మూడోవంతు గ్రాము ఉంటుంది. ఆ మూడోవంతు గ్రాము సెకనుకు చేసే విఘటనాలు టన్ను యురేనియం-238 చేసేవాటితో సమానం.

మేరీ క్యూరీ, పియరీ క్యూరీ 1898లో పొలోనియాన్నీ రేడియాన్నీ కనుగొన్నది పరిమాణానికీ తీవ్రతకూ మధ్య ఉన్న ఈ అసమానత కారణంగానే. యురేనియం ఖనిజమైన పిచ్‌బ్లెండ్ అందులోని యురేనియం పాలుకు తగినదానికన్నా ఎక్కువ తీవ్రత చూపింది. తరువాత వారు రేడియాన్ని వేరుచేసేందుకు బొహీమియాలోని యోఆకిమ్‌స్థాల్ నుంచి టన్నుల కొద్దీ తెప్పించుకున్నది అసలు ఖనిజాన్ని కాదు. గాజుకు రంగులద్దే యురేనియం లవణాల కోసం ఖనిజం నుంచి యురేనియాన్ని తీసేసుకుని, పనికిరాదని పారబోసిన వ్యర్థాన్ని. 1902 నాటికి వారికి దక్కిన రేడియం క్లోరైడు గ్రాములో పదో వంతు. యురేనియం తీసేశాక వ్యర్థంలో ఏముంటుందన్న ప్రశ్నకు సమాధానం ఆనాడే ప్యారిస్‌లోని ఒక రేకుల షెడ్డులో దొరికింది.

తుమ్మలపల్లె లాంటి మిల్లులో కార్బొనేటు ద్రావణం యురేనియాన్ని కరిగించుకుపోతుంది గాని, థోరియం, రేడియంలలో అత్యధిక భాగాన్ని రాతిపిండిలోనే వదిలేస్తుంది. యురేనియం పూర్తిగా వెలికి వచ్చిందనుకున్నా గొలుసులోని మొదటి నాలుగు మెట్లే ఆగిపోతాయి. థోరియం-234, ప్రొటాక్టినియం కొద్ది నెలల్లో అడుగంటుతాయి. థోరియం-230 నుంచి కిందికున్న పది మెట్లు యథాతథంగా నడుస్తూనే ఉంటాయి, ఎనిమిది ఆల్ఫాలలో ఆరు వాటిలోవే. ఇక్కడ కాలమానం రేడియం 1,600 సంవత్సరాలు కాదు, దాన్ని నిరంతరం పుట్టిస్తూ ఉండే థోరియం-230 యొక్క 75,000 సంవత్సరాలు. ఇది తీవ్రత ఎంతన్న ప్రశ్నకు జవాబు కాదన్నది నిజమే. తక్కువ పాలు గల ఖనిజపు వ్యర్థం కిలోకు తక్కువ తీవ్రతే చూపుతుంది. అయితే పరిమాణం పెద్దది, అది మెత్తగా పొడిచేసిన పిండి, పైగా ఇప్పుడు నేల మీద ఉంది. రాతిలో బిగిసి ఉన్న స్థితికీ దీనికీ పోలిక లేదు.

గొలుసులో రేడాన్ ఒక్కటే వాయువు. ముందూ వెనుకా ఉన్నవన్నీ పుట్టిన చోటే ఉండిపోయే ఘనపదార్థాలు కాగా, రేడాన్ దేనితోనూ కలవని జడవాయువుగా రేణువుల సందుల్లోంచి గాలిలోకి జారిపోగలదు. పీల్చిన రేడాన్‌లో చాలా భాగం తిరిగి ఊపిరితో బయటకు పోతుంది. హాని చేసేది గాలిలోనే దాని నుంచి పుట్టి, దుమ్ముకు అంటుకుని, ఊపిరితిత్తుల గోడల మీద కుదురుకునే పొలోనియం-218, పొలోనియం-214ల ఆల్ఫా కణాలు. రేడాన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారకమని నిర్ధారితమైంది. ఇళ్లలో ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్‌లను మించకుండా చూడడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. భూగర్భ గనుల్లో బలమైన గాలి ప్రసరణ తప్పనిసరి కావడానికి ఒక ప్రధాన కారణం ఇదే. వ్యర్థాల మీద మట్టి కప్పడంలోని యుక్తి కూడా 3.8 రోజుల అంకెలోనే ఉంది. ఒకటి రెండు మీటర్ల బంకమట్టి గుండా వాయువు పైకి పాకేలోగానే చాలా భాగం ఘనపదార్థంగా మారి అక్కడే చిక్కుకుంటుంది. నీటి దారి వేరు. దానికి చెరువు అడుగున పొర కావాలి, చుట్టూ బావుల నీటి పరీక్షలు కావాలి. చుట్టుపక్కల గ్రామాల రైతులు ఏళ్లుగా వేస్తున్న ప్రశ్నలు ప్రధానంగా ఈ నీటి గురించే.

నీటిలోని యురేనియం విషయంలో మరో అపోహను పక్కన పెట్టాలి. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములను ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువగా పెట్టింది. అంత యురేనియం-238లో సెకనుకు జరిగే విఘటనాలు ఒకటికన్నా తక్కువ, దాని వెంట ఉండే యురేనియం-234ను కలిపినా ఒకటికి చేరవు. ఆ విలువ ధార్మికతను చూసి పెట్టినది కాదు, యురేనియం ఒక భారలోహంగా మూత్రపిండాలకు చేసే రసాయనిక హానిని చూసి పెట్టినది. కాబట్టి నీటిలో యురేనియం ఎంతో చెప్పే నివేదిక ఒకటి, రేడియం ఎంతో చెప్పేది మరొకటి, గాలిలో రేడాన్ గురించి చెప్పేది ఇంకొకటి. ఒకదాన్ని చూపి మిగతా రెండూ బాగున్నాయనడం ఎవరికీ తగదు.

చేతిలో పట్టుకుని తిరిగే గామా మీటరు పరిమితి కూడా ఇలాంటిదే. యురేనియం అన్వేషణలో విమానాల మీద నుంచైనా, నేల మీద నడిచైనా కొలిచేది ప్రధానంగా గొలుసు అడుగుభాగంలోని బిస్మత్-214 విడిచే గామా కిరణాలను. యురేనియం తానుగా పెద్దగా గామా విడవదు కాబట్టి దాని మనవళ్లను లెక్కించి తాతను అంచనా వేయడం ఈ పద్ధతి. సమతౌల్యం చెడిన చోట, అంటే రేడాన్ బయటికి పోయినా, యురేనియాన్ని నీరు వేరే చోటికి మోసుకుపోయినా, ఈ అంచనా తప్పుతుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలనాలయం వంటి సంస్థల్లో శిలా నమూనాలను రసాయన పరీక్షతో సరిచూసుకోవడం అందుకే మామూలు పని. కంచె వెంట గామా మీటరు తక్కువ చూపినంత మాత్రాన గాలీ నీరూ శుభ్రమని తేలదు. ఆల్ఫాను ఆ మీటరు చూడనే చూడదు.

ఆల్ఫా చూడబడకపోవడానికి కారణమే దాని హానికీ కారణం. బరువైన ఈ కణం రెండు ధనావేశాలతో, పోల్చి చూస్తే నెమ్మదిగా కదులుతూ, దారిలో ప్రతి పరమాణువు నుంచీ ఎలక్ట్రాన్లను ఊడబెరికేస్తుంది. గాలిలో కొన్ని సెంటీమీటర్లలోనే దాని శక్తి హరించుకుపోతుంది, ఒక కాగితం, చర్మం పైనున్న మృతకణాల పొర చాలు దాన్ని ఆపడానికి. అదే కణం శరీరం లోపల పుడితే ఆ శక్తినంతా కొద్ది జీవకణాల మధ్యే కుమ్మరిస్తుంది. అందుకే మోతాదు లెక్కల్లో గ్రేలను (ఒంట్లో చేరిన శక్తికి కొలత) సీవర్టులుగా (దాని హానికి కొలత) మార్చేటప్పుడు ఆల్ఫాను 20తో గుణిస్తారు, బీటా, గామాలను ఒకటితోనే. బీటా కణాలు గాలిలో కొన్ని మీటర్లు పోగలవు, కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం వాటిని ఆపుతుంది. ఆవేశం లేని గామాకు నిర్దిష్టమైన హద్దంటూ లేదు, అడ్డు మందాన్ని బట్టి క్షీణించడమే ఉంటుంది. కోబాల్ట్-60 గామాను సగానికి తగ్గించాలంటే సుమారు 12 మిల్లీమీటర్ల సీసం కావాలి. వెయ్యో వంతుకు తేవాలంటే దాదాపు 12 సెంటీమీటర్లు.

మూడు కిరణాల్లో ఏది ఎక్కువ ప్రమాదకరమన్న పరీక్షల ప్రశ్నకు ఒంటిమాట సమాధానం లేదనడానికి చరిత్రలో సాక్ష్యాలు చాలు. 1920ల ప్రాంతంలో అమెరికాలో గడియారాల ముళ్లకు రేడియం కలిసిన రంగు వేసిన యువతులు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకునేవారు. మింగిన రేడియం కాల్షియంలాగే ఎముకల్లో చేరి, దవడ ఎముకలు కుళ్లిపోవడానికీ, ఎముక క్యాన్సర్లకూ దారితీసింది. 2006లో లండన్‌లో మాజీ రష్యన్ గూఢచారి లిట్వినెంకోను చంపిన పొలోనియం-210 తూకానికి మైక్రోగ్రాముల్లో ఉండేది. అది గామాను దాదాపు విడవదు కాబట్టి ఆసుపత్రిలో చివరి రోజుల దాకా అసలు కారణం దొరకలేదు.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగింది దీనికి విలోమం. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత గామా యంత్రంలోని కోబాల్ట్-60ను విప్పినవారిలో ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. యంత్రం కొని అప్పటికి నాలుగు దశాబ్దాలు, అంటే 5.27 సంవత్సరాల అర్ధ జీవితకాలానికి ఏడున్నర రెట్లు గడిచాయి. తీవ్రత మొదటిదానిలో సుమారు రెండువందల వంతుకు పడిపోయింది. అయినా ప్రాణం తీసేంత మిగిలింది, ఎందుకంటే మొదటిది అంత పెద్దది. అర్ధ జీవితకాలం గడిచింది కాబట్టి సగం ప్రమాదం పోయిందని సరిపెట్టుకోవడంలో పొరపాటు ఇదే. ఎంతలో సగమన్నది అడగకుండా ఆ అంకెకు అర్థం లేదు.

కిరణం సోకడమూ, పదార్థం అంటుకోవడమూ రెండు వేర్వేరు సంగతులు. గామా కిరణం గుండా పోయిన వస్తువు ధార్మికం కాదు. 2007 నుంచి అమెరికాకు గామా శుద్ధితో వెళ్లే భారత మామిడిపండ్లలో ఏ ధార్మికతా మిగలదు, ఎక్స్‌రే తీయించుకున్న మనిషిలో మిగలనట్టే. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాడుబడిన చికిత్సాలయం నుంచి ఎత్తుకుపోయిన సీజియం-137 పొడి మాత్రం చేతుల నుంచి చేతులకు, దుస్తులకు, ఇళ్లకు పాకింది. నలుగురు మరణించారు, 249 మందికి ఆ పదార్థం అంటుకున్నట్టు తేలింది. ఇతర పదార్థాన్ని నిజంగా ధార్మికంగా మార్చగలిగేది ఆచరణలో న్యూట్రాన్ల ప్రవాహం. మామూలు కోబాల్ట్-59ను రియాక్టర్లలో ఉంచి కోబాల్ట్-60 చేసేది వాటితోనే.

మోతాదుల సంగతి క్లుప్తంగా చెబితే, నేల, ఆకాశం, ఆహారం, గాలి నుంచి మనిషికి సహజంగా వచ్చేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అందులో సగం రేడాన్‌దే. మన కండరాల్లోని పొటాషియం-40 ఒక్కటే వయోజనుని ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా విఘటనాలు చేస్తుంది. దీనికి అదనంగా, వైద్యం మినహా, ప్రజలకు అణు పరిశ్రమ నుంచి రాదగినదిగా భారత అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఏడాదికి 1 మిల్లీసీవర్టు. ఆ రంగంలోని కార్మికులకు ఐదేళ్ల సగటున 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. సహజంగానే ఇంత ఉంది కాబట్టి మరికొంత పర్వాలేదనే వాదన ప్రకటనల్లో కనిపిస్తూ ఉంటుంది. రేడాన్ సహజమైనదే, ఊపిరితిత్తుల క్యాన్సర్ కలిగించేదీ అదే.

కిరణం రకాన్నీ, వ్యవధినీ, అది శరీరంలో చేరే చోటునూ మూడింటినీ కలిపి ఎంచుకోవడం చూడాలంటే అణు వైద్యమే తగిన చోటు. స్కాన్లకు వాడే టెక్నీషియం-99ఎం ఆరు గంటల వ్యవధితో దాదాపు గామానే విడుస్తుంది. బొమ్మ తీయడానికి కిరణం బయటికి రావాలి, పని కాగానే తగ్గిపోవాలి, మర్నాటికి పదహారో వంతే ఉంటుంది. థైరాయిడ్ చికిత్సలో అయోడిన్-131 గ్రంథిలోకి తానే చేరి, కొద్ది మిల్లీమీటర్లు దాటని బీటాతో అక్కడి కణాలను చంపుతుంది. దాని వెంట వచ్చే గామా మాత్రం శరీరం దాటుతుంది కాబట్టి ఎక్కువ మోతాదు తీసుకున్న రోగిని కొన్నాళ్లు విడిగా ఉంచుతారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఇచ్చే రేడియం-223 గడియారాల కార్మికుల ఎముకలను తొలిచిన మూలకపు ఐసోటోపే. కాల్షియంలాగే ఎముకను వెతుక్కుంటూ పోయే గుణం, కొద్ది కణాల దూరంలోనే ఆగిపోయే ఆల్ఫా, రెండూ దానికీ ఉన్నాయి. తేడా 1,600 సంవత్సరాల స్థానంలో ఉన్న 11.4 రోజుల వ్యవధిలోనూ, కొలిచి ఇచ్చే మోతాదులోనూ ఉంది. నాలుగు వారాలకొకటి చొప్పున ఆరు ఇంజెక్షన్లతో ఆ చికిత్స పూర్తవుతుంది.